తొమ్మిదో గడి

ఇక్కడ పెన్ను నిషేధం.
పెన్సిలు చెక్కి మరీ చేతికిచ్చి
బొగుస్వావా గారు రిజిస్టరుని
పురుటి బిడ్డని దించినట్టు
స్పాంజి దిండు మీద దించింది.
కిటికీ అవతల సాన్ నది సగం గడ్డకట్టింది,
మిగతా సగం ఇంకా ఆలోచిస్తోంది.

నాకు పోలిష్ రాదు.
పాత జర్మన్ రాత తాళాలగుత్తిలా కనిపిస్తుంది.
మొంతెవిదెయోలో కట్టుడుపళ్ళు చేసి బతుకుతాను.
ముఖం చూడక్కర్లేదు, కొరికిన అచ్చు చూస్తే చాలు
మనిషి ఏ వైపు నములుతాడో చెప్పేస్తాను.
ఈ గుమాస్తానీ అలాగే పట్టాను:
వాలిపోయే గీతలు, సోమవారాల్లో ఎక్కువైన సిరా,
'హ' కింద ఒక కొక్కెం.
మూడో రోజుకి నాతో మాట్లాడాడు.

నేను మోసుకొచ్చింది ఒకే ఒక్క ప్రశ్న.
మా తాత అన్షెల్ తుఖ్‌ఫెల్డ్.
ఆయన తండ్రి మెఖెల్ సోబెల్.
తండ్రిదో ఇంటిపేరు, కొడుకుదో ఇంటిపేరు, ఎందుకని
చిన్నప్పుడు అడిగితే
తాత సూపు గిన్నెలోకి చూసి
"ఉప్పు తక్కువైంది" అన్నాడు.
ఎనభై ఏడేళ్ళు బతికి
ఆ ఉప్పు దగ్గరే ఆగిపోయాడు.

అంకె 83. మగ. ఇంటి నంబరు 114.
తల్లి: ఖాయె ష్ప్రింత్సె తుఖ్‌ఫెల్డ్, గుడ్ల బేరం.
తండ్రి గడిలో ఒక గీత.
తొమ్మిదో గడిలో, ముచ్చటైన దస్తూరీలో, ఒక్క మాట:
అక్రమం.

పైకి చూశాను. 82, అక్రమం. 81. 80.
కిందికి చూశాను. రబ్బీ గారి కొడుకూ అంతే.
ఊరు ఊరంతా అక్రమంగా పుట్టింది.

బొగుస్వావా గారు కళ్ళజోడు నుదుటికెక్కించి చెప్పింది:
పందిరి కింద నిలబడ్డారు, ఏడు దీవెనలు విన్నారు,
గ్లాసు కాలికింద పగిలింది.
చక్రవర్తి ఆఫీసుకి మాత్రం ఆ చప్పుడు వినపడలేదు.
సర్కారు పెళ్ళికి రుసుము, ముద్ర, మళ్ళీ రుసుము.
గుడ్లమ్ముకునే ఇంట్లో అంత డబ్బెక్కడిది?
పిల్లలకి తల్లి ఇంటిపేరే పడింది.

అంటే ఇన్నేళ్ళూ
బ్యాంకు కాగితాల మీద, విడాకుల మీద
నేను సంతకం పెట్టింది
గుడ్ల బుట్ట మోసిన ఒక మనిషి పేరు.
తాత సిగ్గుపడింది దీనికా!
పైకే నవ్వాను.
పక్క బల్ల ముసలాయన వేలు పెదవి మీద పెట్టాడు.

అంచున ఇంకో సిరా, ఇరవై రెండేళ్ళ తర్వాతది.
కొడుకు ఓడెక్కాలి, పాస్‌పోర్టు కావాలి.
అందుకని వరుడికి యాభై ఒకటి, వధువుకి నలభై తొమ్మిది,
సాక్షులు ఒక దర్జీ, ఒక గుర్రాల వైద్యుడు.
మనవలు బయట మెట్ల మీద కూచుని
ఏదో నములుతూ ఉండుంటారు.

ఆ ఊరి చివరి పుస్తకం కూడా తెప్పించాను.
రెండొందల వరసలకి గీతలు గీసి ఉంచారు.
అరవై ఒకటి దగ్గర సిరా ఆగింది.
ఆ తెల్లటి గడుల గురించి
బొగుస్వావా గారు ఏమీ చెప్పలేదు,
నేనూ అడగలేదు.

వచ్చిన పని అయిందని మొదటి పుస్తకం మూయబోతే
పేజీ వేలికంటుకుని వెనక్కి తిరిగింది.
రెండేళ్ళ ముందు. అంకె 19. ఆడ.
ఇంటి నంబరు 114. అదే తల్లి. అదే గీత.
పేరు రూఖ్ల.

తాతకి ఓ అక్క ఉందని
మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు.
మరణాల పుస్తకం అడిగాను.
ఐదు రోజులు. కారణం: బలహీనత.
మంత్రసానికి రాయడం రాదు, శిలువ గుర్తు పెట్టదు,
రెండు చోట్లా చిన్న సున్నా చుట్టింది.
రెండో సున్నా కలవలేదు.

నకలు కావాలంటే కాగితం నింపాలి.
'ఈ వ్యక్తి మీకు ఏమవుతారు?'
వరస కలిపి చూసుకున్నాను.
తాతకి అక్క. నాకు అవ్వ.
ఐదు రోజుల అవ్వ.
పళ్ళు రాకుండానే పోయిన అవ్వ.

రాశాను.
మూడింటికి గది మూసేస్తారు.
బొగుస్వావా గారు ఆ మాట చదివి,
తేదీలు చూసి, మళ్ళీ ఆ మాట చదివి
ముద్ర మీద నోటి ఆవిరి ఊది
గట్టిగా వేసింది.